అన్నకు స్కిజోఫ్రీనియా ఉంటే చెల్లి మెదడు రసాయనాల్లోనూ తేడా ఉంటుందా? స్కాన్, మూత్ర పరీక్షల్లో ఏం తెలుస్తుంది?

విభాగం: మెదడు, మందులు › విశాఖపట్నం

గోపాలపట్నం_వాలంటీర్:

విశాఖలో స్కిజోఫ్రీనియా ఉన్నవారి కుటుంబాల నుంచి పదే పదే వచ్చే ప్రశ్నలు ఒకచోట పెడుతున్నాను. తెలిసినవారు వివరంగా రాయండి. కుటుంబాలకు చదివి వినిపించడానికి వాడతాం.

ఒకటి, ఈ జబ్బులో మెదడులో ఏ రసాయనం ఎక్కడ, ఎంత మారుతుంది? రెండు, జబ్బు లేని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లల మెదడులో కూడా ఆ మార్పు ఉంటుందా? మూడు, పెళ్లి సంబంధం మాట్లాడే ముందు చెల్లికి "న్యూరోట్రాన్స్‌మిటర్ ప్యానెల్" అనే మూత్ర పరీక్షో, ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీయో చేయిస్తే ముందే తెలుస్తుందా? మూడోదానికి చాలామంది డబ్బు ఖర్చు పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. అందుకే తొందర.

స్ట్రయేటమ్:

నాడీకణాల మధ్య సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనంతో మొదలుపెడతాను, ఎక్కువ ఆధారాలున్నది దానికే.

1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ అనే మందు మానసిక రోగులకు వాడారు. అది ఎలా పనిచేస్తుందో అప్పటికి తెలియదు. 1963లో స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్, లిండ్‌క్విస్ట్ ఈ మందులు డోపమైన్ వంటి వాటి గ్రాహకాలను (ఆ రసాయనం అతుక్కుని పనిచేసే చోట్లను) అడ్డుకుంటాయని సూచించారు. 1976కల్లా ఒక్కో మందు రోజువారీ మోతాదుకూ, అది డీ2 అనే డోపమైన్ గ్రాహకాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందనేదానికీ పొంతన తేలింది.

అయితే "డోపమైన్ ఎక్కువ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే తప్పుదోవ పడతాం. పెరిగేది మెదడు లోతున ఉండే స్ట్రయేటమ్‌లో, అందులోనూ ఆలోచనకు సంబంధించిన అసోసియేటివ్ భాగంలో. నాడీ చివర డోపమైన్‌ను తయారుచేసే సామర్థ్యం, దాన్ని వదిలే మోతాదు, ఈ రెండూ పెరుగుతాయి. డీ2 గ్రాహకాల సంఖ్యలో తేడా చాలా చిన్నది. నుదుటి వెనుక ప్రీఫ్రంటల్ ప్రాంతంలో మాత్రం డోపమైన్ చురుకు తగ్గినట్టు సూచనలున్నాయి. ఒకే మెదడులో ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ. కాబట్టి మొత్తం మీద ఒక అంకె చెప్పే పరీక్ష ఏదైనా సరే పనికిరాదు.

కొలిచేది ఎఫ్-డోపా అనే రేడియోధార్మిక గుర్తుపదార్థం ఎక్కించి తీసే పీఈటీ స్కాన్‌తో. లండన్ పద్ధతిలో స్కాన్‌కు గంట ముందు 150 మి.గ్రా. కార్బిడోపా, 400 మి.గ్రా. ఎంటాకపోన్ ఇస్తారు. ఇవ్వకపోతే గుర్తుపదార్థం మెదడుకు చేరకముందే శరీరంలో విరిగిపోతుంది, పైగా విరిగిన ముక్కలు మెదడులోకి వెళ్లి లెక్క చెడగొడతాయి. ఆ తర్వాత 95 నిమిషాల స్కాన్. డోపమైన్ నాడులు పెద్దగా లేని సెరిబెల్లమ్‌ను (చిన్నమెదడును) ఆధారంగా తీసుకుని, స్ట్రయేటమ్‌లోకి ఎంత వేగంగా చేరిందో లెక్కిస్తారు. ఫ్లోరిన్-18 అర్ధాయువు 110 నిమిషాలే కాబట్టి తయారైన వెంటనే వాడాలి. మన ఊళ్లో మామూలుగా పీఈటీ అంటే క్యాన్సర్‌కు చేసే ఎఫ్‌డీజీ స్కాన్. అది చక్కెర వాడకం చూపుతుంది, డోపమైన్ గురించి ఏమీ చెప్పదు.

మెట్ట_దారి:

రోగుల్లో పెరిగింది సరే, తోబుట్టువుల్లో?

స్ట్రయేటమ్:

ఇక్కడే ఫలితాలు చీలిపోయాయి. 2008లో ఫిన్లాండ్ పరిశోధకులు జబ్బు లేని మొదటి తరగతి బంధువుల్లో (అంటే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు) స్ట్రయేటమ్ డోపమైన్ తయారీ ఎక్కువగా ఉందన్నారు. 2011లో లండన్‌లో కవలలతో చేసిన అధ్యయనంలో జబ్బు లేని కవలకు ఆ పెరుగుదల కనబడలేదు. అంతకుముందే, 2005లో, ఫిన్లాండ్ కవలల అధ్యయనం ఇంకో విషయం చూపింది: జబ్బు లేని సమరూప (జన్యువులన్నీ ఒకటే ఉన్న) కవలల్లో, స్ట్రయేటమ్‌లోని కాడేట్ భాగంలో డీ2 గ్రాహకాలు ఎక్కువ.

నా అంచనా ఇది. డోపమైన్ తయారీ పెరగడం ఎక్కువగా సైకోసిస్ (భ్రమలు, గొంతులు వినిపించడం) అనే స్థితితో ముడిపడింది, కేవలం రక్తసంబంధంతో కాదు. 2009లో లండన్‌లోనే, ఇంకా జబ్బు ముదరని, తొలి లక్షణాలు మాత్రమే ఉన్న యువతలో ఈ పెరుగుదల కనిపించింది. తర్వాత వారిలో ఎవరికి పూర్తి సైకోసిస్ వచ్చిందో వారిలోనే అది ప్రధానంగా ఉందని తేలింది. అంటే ఏ లక్షణమూ లేని చెల్లికి డోపమైన్ స్కాన్ తీస్తే, మామూలుగా ఉంటే జీవితాంతం రాదని చెప్పలేం, కాస్త ఎక్కువుంటే వస్తుందనీ చెప్పలేం.

ఇంకో మాట. రోగుల సగటుకూ మామూలు వారి సగటుకూ తేడా గణాంకాల్లో గట్టిదే. కానీ రెండు గుంపుల అంకెలు ఒకదానిమీద ఒకటి బాగా పరుచుకుని ఉంటాయి. మధ్యలో గీత గీసి ఇటు జబ్బు, అటు ఆరోగ్యం అనడానికి లేదు.

స్పెక్ట్రో_3టి:

ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ సంగతి నేను రాస్తాను. దీన్ని చాలామంది రక్తపరీక్షలాగే చెక్కుచెదరని అంకె ఇస్తుందనుకుంటారు. కాదు, ప్రతి మెట్టులోనూ చెడే వీలుంది.

ఎంఆర్ఐ యంత్రంలోనే మెదడులో ఒక చిన్న గడిని ఎంచుకుని, అందులోని రసాయనాల సిగ్నల్ శిఖరాలను పీపీఎం అనే కొలత గీత మీద చదువుతాం. ఎన్‌ఏఏ 2.0 దగ్గర, క్రియాటిన్ 3.0, కోలిన్ 3.2, నాడీకణాలను ఉత్తేజపరిచే గ్లూటమేట్ 2.35 చుట్టూ. గ్లూటమిన్ 2.45 దగ్గర, అంటే గ్లూటమేట్‌ను ఆనుకునే. 1.5 టెస్లా యంత్రంలో ఈ రెండూ కలిసిపోయి వస్తాయి, అందుకే పాత రిపోర్టుల్లో రెండూ కలిపి "జీఎల్‌ఎక్స్" అని ఉంటుంది. 3 టెస్లాలో కొంత విడదీయొచ్చు, 7లో బాగా విడిపోతాయి.

నాడీకణాలను నెమ్మదింపజేసే గాబా అనే రసాయనాన్ని కొలవడం ఇంకా కష్టం. దాని శిఖరం క్రియాటిన్ కిందే దాక్కుంటుంది. దానికి మెగా-ప్రెస్ అనే ఎడిటింగ్ పద్ధతి కావాలి: 1.9 పీపీఎం దగ్గర పల్స్ ఇచ్చి ఒకసారి, ఇవ్వకుండా ఒకసారి తీసి, రెండింటి తేడా చూస్తాం. ఎకో సమయం 68 మిల్లీసెకన్లు, గడి 3×3×3 సెం.మీ., దాదాపు 10 నిమిషాలు కదలకుండా పడుకోవాలి. గాబా మెదడులో లీటరుకు 1, 2 మిల్లీమోల్ మాత్రమే. ఎడిట్ చేశాక కూడా ఆ శిఖరంలో సుమారు సగం పెద్ద అణువులదే ఉంటుంది.

చెడేవి ఇవి. తల కదలడం మొదటిది. గడి పుర్రెకు దగ్గరగా పెడితే కొవ్వు సిగ్నల్ వచ్చి గీతంతా వంకరపోతుంది. షిమ్ (అయస్కాంత క్షేత్రాన్ని సమం చేయడం) సరిగా కాకపోతే శిఖరాలు వెడల్పై ఒకదానిలో ఒకటి కలుస్తాయి. సైనస్ గాలి గదుల పైన ఉండే కింది ఫ్రంటల్ భాగంలో ఇది మరీ ఎక్కువ. పళ్ల తీగలుంటే ఆ ప్రాంతం వదులుకోవాల్సిందే. గడిలో వెన్నుద్రవం ఎంత, బూడిద పదార్థం ఎంత అని విడగొట్టి సరిదిద్దకపోతే, మెదడు కాస్త కుంచించుకున్నవారిలో రసాయనం తగ్గినట్టు తప్పుడు లెక్క వస్తుంది. రిపోర్టులో క్రియాటిన్‌తో నిష్పత్తి మాత్రమే ఇస్తే ఇంకో తిరకాసు. మారింది పైనున్న గ్లూటమేటా, కిందున్న క్రియాటినా అన్నది తెలియదు.

ఇన్ని చెప్పింది భయపెట్టడానికి కాదు. రోజువారీ వైద్యంలో ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ (ఎంఆర్‌ఎస్) కణితి, జీవక్రియ జబ్బుల్లో పనికొస్తుంది. స్కిజోఫ్రీనియాకు మాత్రం పరిశోధన పరికరమే.

ఏయూ_బయోకెమ్:

స్పెక్ట్రో గారూ, అంకెలు సరే. రోగుల్లో, బంధువుల్లో ఏం కనబడిందో కూడా రాయండి.

స్పెక్ట్రో_3టి:

ఎన్‌ఏఏ సంకేతాలు పంపే రసాయనం కాదు, నాడీకణాల ఆరోగ్యానికి గుర్తు. ఫ్రంటల్ లోబ్, హిప్పోకాంపస్, థాలమస్‌లలో రోగుల సగటు తగ్గుతుంది. జబ్బు లేని తోబుట్టువుల హిప్పోకాంపస్‌లోనూ తగ్గుదల ఉందని 1998లోనే ఒక అమెరికన్ బృందం చూపింది, రోగులకన్నా బలహీనంగా.

గ్లూటమేట్ కథ సూటిగా లేదు. 2016లో అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు రోగుల బేసల్ గ్యాంగ్లియాలో (స్ట్రయేటమ్ ఉండే ప్రాంతం) గ్లూటమేట్ ఎక్కువ, ముప్పు ఎక్కువున్న యువతలో మధ్య ఫ్రంటల్ ప్రాంతంలో జీఎల్‌ఎక్స్ ఎక్కువ అని వచ్చింది. ఆ తర్వాత వ్యక్తుల వారీ లెక్కలు కలిపితే, మధ్య ఫ్రంటల్‌లో రోగుల సగటు కొంచెం తక్కువ, లక్షణాలు తీవ్రంగా ఉన్నవారిలో మాత్రం ఎక్కువ. వయసుతో తగ్గుతుంది. ఎక్కువ మోతాదు మందు వాడేవారిలోనూ తక్కువ కనిపిస్తుంది. అందువల్ల వయసు, మందు, లక్షణాల తీవ్రత చెప్పకుండా "గ్లూటమేట్ ఎంత" అని అడిగితే జవాబుకు అర్థం ఉండదు.

ఏయూ_బయోకెమ్:

గ్లూటమేట్ ఎందుకు చర్చలోకి వచ్చిందో ఒక పేరా. ఫెన్‌సైక్లిడిన్, కెటమిన్ అనే మత్తు మందులు రెండూ ఎన్‌ఎండీఏ అనే గ్లూటమేట్ గ్రాహకాన్ని అడ్డుకుంటాయి. కెటమిన్ ఆరోగ్యవంతుల్లో కూడా అనుమానాలు, భ్రమలు, ముభావం, ఆలోచన తెగిపోవడం తాత్కాలికంగా తెస్తుంది. యాంఫెటమిన్ డోపమైన్‌ను పెంచి భ్రమలు తెస్తుంది కానీ ఆ ముభావాన్ని అంతగా తేదు. అందుకే ఒక్క డోపమైన్‌తో ఈ జబ్బు మొత్తం అర్థం కాదు.

ఇప్పుడున్న వివరణలో వరుస ఇలా సాగుతుంది. కార్టెక్స్‌లో పార్వాల్బుమిన్ ఉండే గాబా నాడీకణాలు పక్కనున్న పెద్ద కణాలకు కళ్లెం వేస్తాయి. వాటి మీదున్న ఎన్‌ఎండీఏ గ్రాహకాలు సరిగా పనిచేయకపోతే కళ్లెం సడలుతుంది, పెద్ద కణాలు గ్లూటమేట్‌ను అదుపు లేకుండా వదులుతాయి, ఆ ఒత్తిడి మధ్యమెదడుకు చేరి స్ట్రయేటమ్‌లో డోపమైన్ పెరుగుతుంది. మరణానంతరం పరీక్షించిన మెదళ్లలో, ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో గాబాను తయారుచేసే జీఏడీ67 ఎంజైమ్ ఎంఆర్‌ఎన్‌ఏ (దాని తయారీకి జన్యువు పంపే సూచన) తగ్గిందని 1990ల నుంచి పదే పదే దొరికింది. ఈ వరుసలో నాకు బాగా నమ్మకం ఉన్న మెట్టు ఇదే. మిగతా మెట్ల మధ్య లంకెలు జంతు ప్రయోగాల నుంచి ఎక్కువగా వచ్చాయి.

చినవాల్తేరు_నర్సింగ్:

ఎన్‌ఎండీఏ ప్రస్తావన వచ్చింది కాబట్టి కుటుంబాలు తప్పక తెలుసుకోవలసింది. ఈ గ్రాహకం మీద శరీరమే యాంటీబాడీలు తయారుచేసే జబ్బు ఒకటుంది, 2007లో వర్ణించారు. ఎక్కువగా యువతుల్లో. మొదటి వారాల్లో అచ్చం సైకోసిస్‌లా ఉంటుంది. తేడా చూపే గుర్తులు: రోజుల్లోనే ముదరడం, మూర్ఛ, జ్వరం, నోరు ముఖం వంకర్లు తిరగడం, కొయ్యబారిపోవడం, మాట పడిపోవడం, బీపీ గుండెవేగం ఎగుడుదిగుళ్లు, యాంటీసైకోటిక్ (సైకోసిస్‌కు ఇచ్చే మందు) ఇవ్వగానే విపరీతంగా బిగుసుకుపోవడం. ఇవి ఉంటే న్యూరాలజీకి పంపి, వెన్నుద్రవంలో యాంటీబాడీ, ఈఈజీ, ఆడవారికి అండాశయ కణితి కోసం స్కాన్ చేయించాలి. దీనికి వైద్యం వేరు, కోలుకునే అవకాశమూ ఎక్కువ.

జన్యు_గమనిక:

బంధువుల ముప్పు అంకెలు రాస్తున్నాను. జనసామాన్యంలో జీవితకాలంలో సుమారు 1 శాతం. పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ పిల్లలకు 2. మేనల్లుడు, మేనకోడలికి 4. తోబుట్టువుకు 9. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే బిడ్డకు 13. సమరూప కవలకు పాత సంకలనాల్లో 48, 2017 డెన్మార్క్ లెక్కలో 33. తల్లీ తండ్రీ ఇద్దరికీ ఉంటే పాత లెక్క 46, డెన్మార్క్ రిజిస్టర్‌లో 27. పాత అంకెలు ఎక్కువగా ఆసుపత్రి కుటుంబాల నుంచి తీసినవి, అందుకే కొంచెం పైకి ఉంటాయి.

చెల్లికి 9 శాతం అంటే 91 శాతం రాకపోవచ్చనే. సంబంధం మాట్లాడే ఇంట్లో ఈ రెండో అంకె కూడా చెప్పండి.

అనువంశికత 80 శాతం దగ్గర. అది జనాభాలో తేడాల లెక్క. ఒక మనిషికి 80 శాతం ముప్పు అని ఎవరైనా అంటే అక్కడికక్కడే సరిదిద్దండి. 2014లో 108 జన్యు స్థానాలు, 2022లో 287 దొరికాయి, ఒక్కోదాని ప్రభావం అతి చిన్నది. వాటిలో డీ2 గ్రాహకం జన్యువు డీఆర్‌డీ2 ఉంది. ఎన్‌ఎండీఏ గ్రాహకం జన్యువు గ్రిన్2ఏ కూడా ఉంది, దాన్ని పాడుచేసే అరుదైన మార్పుల ప్రభావం పెద్దది. 2016లో సీ4ఏ జన్యువు బయటపడింది. కౌమారంలో నాడీ సంధులను కత్తిరించే ప్రక్రియకు దీనితో సంబంధం. జబ్బు 16 నుంచి 25 మధ్య ఎక్కువగా బయటపడటానికి ఇది ఒక కారణం కావచ్చు.

సమరూప కవలల్లో ఒకరికే జబ్బు వచ్చిన జంటల పిల్లలను డెన్మార్క్‌లో దీర్ఘకాలం చూశారు. జబ్బు లేని కవల పిల్లలకూ, జబ్బున్న కవల పిల్లలకూ ముప్పు దాదాపు సమానంగా వచ్చింది. జబ్బు బయటపడకపోయినా జన్యుభారం కిందికి దిగుతుందన్నమాట. అలాగే పెంపకం లోపం వల్ల ఈ జబ్బు వస్తుందన్న పాత నిందకు ఇది గట్టి జవాబు. తల్లిని నిందించే మాట ఇంకా మన ఊళ్లో వింటున్నాం, అది ఆగాలి.

మెట్ట_దారి:

మేనరికం సంగతి?

జన్యు_గమనిక:

మన జిల్లాల్లో అడగాల్సిన ప్రశ్నే. బావామరదళ్ల జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఒకే పూర్వీకుల నుంచి వచ్చినవి. మేనమామ, మేనకోడలు అయితే నాలుగో వంతు. వారి పిల్లల్లో రెండు కాపీలూ ఒకే మూలానివి అయ్యే అవకాశం వరుసగా 1/16, 1/8. ఎవరికీ ఈ జబ్బు లేని కుటుంబంలో మేనరికం వల్ల స్కిజోఫ్రీనియా వచ్చేస్తుందని చెప్పడం అతి. కానీ ఆ ఉమ్మడి వంశంలోనే జబ్బు ఉంటే, పెళ్లికూతురి వైపు నుంచీ పెళ్లికొడుకు వైపు నుంచీ అదే భారం బిడ్డకు చేరుతుంది. అప్పుడు బయటి సంబంధం చేసుకోవడమే మేలని నా స్పష్టమైన సలహా. చెవుడు, మందబుద్ధి వంటి కొన్ని రిసెసివ్ (రెండు కాపీలూ చెడితేనే వచ్చే) జబ్బుల ముప్పు ఎలాగూ ఉంది.

ఈఈజీ_గది:

ముందు అడిగినట్టు, బంధువుల్లో నిజంగా కనబడే తేడాలున్నాయి. అవి డోపమైన్ అంకెలో కన్నా మెదడు పనితీరులో బాగా కనబడతాయి.

కదిలే చుక్కను కంటితో సాఫీగా వెంబడించలేకపోవడం 1970ల నుంచి తెలుసు, జబ్బు లేని బంధువుల్లోనూ ఉంది. రెండోది పీ50 పరీక్ష. 500 మిల్లీసెకన్ల తేడాతో రెండు టక్‌మనే శబ్దాలు వినిపిస్తాం, జంటకూ జంటకూ మధ్య 8 నుంచి 10 సెకన్లు. మామూలు మెదడు రెండో శబ్దానికి స్పందన బాగా తగ్గిస్తుంది. రోగుల్లో, కొందరు బంధువుల్లో తగ్గదు. 1997లో దీన్ని 15వ క్రోమోజోమ్ మీదున్న ఆల్ఫా-7 నికోటినిక్ గ్రాహకం జన్యువుతో ముడిపెట్టారు. నికోటిన్ ఈ లోపాన్ని కొద్దిసేపు సరిచేస్తుంది. సిగరెట్ తాగితే రోగికి కాసేపు తెరిపి ఎందుకో ఇది కొంత చెబుతుంది, కానీ తాగమని చెప్పడానికి కారణం కాదు.

మూడోది పనిచేసే జ్ఞాపకశక్తి. ఎన్-బ్యాక్ (కాసేపటి క్రితం చూసినదాన్ని గుర్తుంచుకునే) పరీక్షలో తోబుట్టువులు సరిగానే జవాబులిస్తారు, అయినా అదే పనికి వారి ప్రీఫ్రంటల్ ప్రాంతం మామూలు వారికన్నా ఎక్కువ శ్రమపడుతుందని 2003లో ఎఫ్‌ఎంఆర్‌ఐలో (పనిచేస్తున్న మెదడు స్కాన్‌లో) చూపారు. 2001లో దీనికి కారణంగా కామ్ట్ జన్యువులో వాల్/మెట్ తేడాను చూపారు, ఆ జన్యువు ప్రీఫ్రంటల్ డోపమైన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను తయారుచేస్తుంది. తర్వాతి పెద్ద అధ్యయనాల్లో ఆ లంకె బాగా బలహీనపడింది. ఇప్పుడు కామ్ట్ పరీక్ష ఎవరైనా అమ్మితే కొనకండి.

ఫార్మా_డాబాగార్డెన్స్:

మూత్ర పరీక్ష ప్యానెల్ గురించి. మూత్రంలో వచ్చే డోపమైన్‌లో పెద్ద భాగం కిడ్నీలే తయారుచేస్తాయి. పేగులూ చేస్తాయి. మెదడు డోపమైన్ రక్తంలోకి, రక్తం డోపమైన్ మెదడులోకి రక్త-మెదడు గోడ దాటవు. దాటేది ఎల్-డోపా, అందుకే పార్కిన్సన్‌కు అది ఇస్తారు. మూత్రంలో సెరటోనిన్, గాబా అంకెలకూ ఇదే ఆక్షేపణ. అరటిపండు, టమాటా, టీ, కాఫీ, వ్యాయామం, బీపీ మందులు, అన్నీ అంకెను కదిలిస్తాయి. ఆ రిపోర్టు పట్టుకుని "సమతుల్యం చేసే" సప్లిమెంట్లు అమ్ముతారు, నష్టం అక్కడ మొదలవుతుంది.

ఆ డబ్బు ఉంటే, రోగికి మందు మొదలుపెట్టే ముందు ఇవి చేయించండి: బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపు షుగర్ లేదా హెచ్‌బీఏ1సీ, లిపిడ్లు, ఈసీజీ, థైరాయిడ్, బీ12, వీలైతే ప్రొలాక్టిన్ హార్మోన్. మూడు నెలలకు మళ్లీ, తర్వాత ఏడాదికోసారి. ఓలాంజపిన్, క్లోజపిన్ మీదుంటే మొదటి మూడు నెలలు బరువు తరచుగా చూడాలి, పెరుగుదల అప్పుడే ఎక్కువ.

లాసన్స్‌బే_పేజీ:

అన్నకు మాత్ర పనిచేయకపోతే "రసాయనం వేరు" అంటారు. అది నిజమేనా?

స్ట్రయేటమ్:

కొంతవరకు నిజమే. 2012లో లండన్ బృందం చూపింది: మామూలు మందులకు తగ్గేవారిలో డోపమైన్ తయారీ ఎక్కువ, తగ్గనివారిలో అది ఆరోగ్యవంతుల స్థాయిలోనే ఉంది. 2014లో తగ్గనివారి యాంటీరియర్ సింగ్యులేట్‌లో (మెదడు మధ్య ఫ్రంటల్ భాగం) గ్లూటమేట్ ఎక్కువని వచ్చింది. డోపమైన్ ఎక్కువ లేనప్పుడు డీ2ను ఇంకా ఇంకా మూసేస్తే ఫలితం ఉండదు, దుష్ఫలితం మాత్రం పెరుగుతుంది.

లెక్క చూడండి. హాలోపెరిడాల్‌తో డీ2 ఆక్యుపెన్సీ (మందు పట్టుకున్న గ్రాహకాల వాటా) 65 శాతం దాటితే లక్షణాలు తగ్గే అవకాశం, 72 దాటితే ప్రొలాక్టిన్ పెరుగుదల, 78 దాటితే వణుకు, బిగుసుకుపోవడం. కిటికీ ఎంత ఇరుకో తెలుస్తోంది కదా. క్లోజపిన్ చాలావరకు 65 లోపే ఉండి పనిచేస్తుంది. అందుకే రెండు వేర్వేరు మందులు, సరైన మోతాదులో, ఒక్కోటి కనీసం 6 వారాలు, మాత్ర నిజంగా మింగుతున్నారని నిర్ధారించుకుని వాడినా తగ్గకపోతే మూడో మామూలు మందుతో కాలం వృథా చేయకుండా క్లోజపిన్ గురించి డాక్టర్‌ను అడగాలి. మన దగ్గర అది చాలా ఆలస్యంగా మొదలవుతోంది. నాకు బాధ కలిగించే విషయం అదే.

ఫార్మా_డాబాగార్డెన్స్:

క్లోజపిన్ కుటుంబాలకు ముఖ్యమైనవి. మొదటి రోజు 12.5 మి.గ్రా., నెమ్మదిగా పెంచడం. మొదటి 18 వారాలు వారానికోసారి తెల్ల రక్తకణాలు, న్యూట్రోఫిల్స్ చూడాలి, తర్వాత ఎడం పెరుగుతుంది. జ్వరం, గొంతునొప్పి వస్తే అదే రోజు రక్తపరీక్ష. మొదటి నెలా రెండు నెలల్లో ఛాతీనొప్పి, ఆయాసం, గుండెదడ వస్తే మయోకార్డైటిస్ (గుండె కండరం వాపు) అనుమానించాలి. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోకండి, పేగు కదలిక ఆగి ప్రాణం మీదికి వస్తుంది. 48 గంటలు దాటి మానేస్తే పాత మోతాదుతో మొదలుపెట్టకూడదు, మళ్లీ 12.5 నుంచే, డాక్టర్ ద్వారా.

సిగరెట్ పొగ కాలేయంలో సీవైపీ1ఏ2 ఎంజైమ్‌ను పెంచి క్లోజపిన్, ఓలాంజపిన్‌లను త్వరగా కరిగిస్తుంది. ఆసుపత్రిలో చేరి సిగరెట్ మానితే వారంలోనే రక్తంలో మందు పెరిగి మత్తు, చొంగ, మూర్ఛ రావచ్చు. ఇంటికొచ్చి మళ్లీ మొదలెడితే మందు తగ్గి గొంతులు తిరిగి వినిపించొచ్చు. దీనికి కారణం పొగే, నికోటిన్ కాదు, కాబట్టి నికోటిన్ గమ్‌తో ఈ తేడా రాదు.

చినవాల్తేరు_నర్సింగ్:

మే నెల విశాఖ ఉక్కపోతకు ఒక హెచ్చరిక. క్లోర్‌ప్రోమజైన్, క్లోజపిన్, ముఖ్యంగా వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ చెమటను తగ్గిస్తాయి. మధ్యాహ్నం ఎండలో పోర్టు, స్టీల్‌ప్లాంట్ పనులకు వెళ్లేవారిలో వడదెబ్బ త్వరగా వస్తుంది. నీళ్లు, నీడ, పని వేళ మార్పు చూసుకోవాలి. ట్రైహెక్సీఫెనిడిల్ జ్ఞాపకశక్తినీ మందగింపజేస్తుంది, మెదడులో అసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుంటుంది కనుక. అవసరం తీరాక ఏళ్ల తరబడి చీటీలో కొనసాగుతుంటే తగ్గించొచ్చా అని అడగండి. తామంతట తాము ఒక్కసారిగా ఆపొద్దు.

అన్నట్టు, ఇదే అసిటైల్‌కోలిన్ దారిలో 2024 సెప్టెంబరులో అమెరికాలో జనోమెలిన్-ట్రాస్పియం మందుకు అనుమతి వచ్చింది. డీ2ను తాకకుండా మస్కరినిక్ గ్రాహకాల ద్వారా పనిచేసే మొదటి స్కిజోఫ్రీనియా మందు అది.

గోపాలపట్నం_వాలంటీర్:

అందరికీ ధన్యవాదాలు. మరి చెల్లి విషయంలో చేయదగినదేమిటి? ముందు జాగ్రత్తగా చిన్న మోతాదు మాత్ర ఇవ్వొచ్చా అని అడుగుతున్నారు.

చినవాల్తేరు_నర్సింగ్:

లక్షణాలు లేకుండా యాంటీసైకోటిక్ ఇవ్వకూడదు. చేప నూనె ఒమేగా-3 ఆపుతుందని 2010లో వియన్నాలో ఆశ కలిగింది, 2017 నాటి పెద్ద అధ్యయనంలో అది నిలబడలేదు.

చూడాల్సినవి ఇవి, 15 నుంచి 30 ఏళ్ల మధ్య: నెలల తరబడి చదువు, పని జారిపోవడం, స్నేహితులను వదిలేయడం, నిద్ర తలకిందులవడం, టీవీలో, వీధిలో మాటలు తన గురించేనన్న అనుమానం, ఎవరో పిలిచినట్టు అప్పుడప్పుడు వినిపించడం, మాట పొంతన తప్పడం. ఒక్కటి కనబడితే కంగారు లేదు. రెండు మూడు కలిసి వారాలు నిలిస్తే ఆలస్యం చేయకుండా చూపించాలి. చినవాల్తేరులో 1871 నుంచి ఉన్న ప్రభుత్వ మానసిక వైద్యశాల ఆంధ్ర మెడికల్ కాలేజీకి అనుబంధం, ఓపీకి నేరుగా వెళ్లొచ్చు. ముందు ఫోన్లో మాట్లాడాలంటే టెలీ మానస్ 14416, తెలుగులో మాట్లాడతారు. వైద్యం మొదలవడం ఆలస్యమైన కొద్దీ కోలుకోవడం తగ్గుతుంది.

గంజాయి ఒక్కటి గట్టిగా ఆపండి. టీహెచ్‌సీ ఎక్కువున్న రకాన్ని రోజూ వాడేవారిలో సైకోసిస్ అవకాశం వాడనివారికన్నా సుమారు 5 రెట్లని 2019లో యూరప్ నగరాలు, బ్రెజిల్‌లో చేసిన అధ్యయనం చెప్పింది. ఏజెన్సీ నుంచి సరుకు దిగే ఊరు మనది, లిక్విడ్ గంజాయి పేరుతో వచ్చే హ్యాష్ ఆయిల్‌లో టీహెచ్‌సీ మరీ చిక్కన. అన్నకు జబ్బున్న ఇంట్లో తమ్ముడికి, చెల్లికి మార్చగలిగిన ముప్పుల్లో ముఖ్యమైనది ఇదే.

జన్యు_గమనిక:

జన్యు పరీక్షలన్నీ దండగ అనుకోకుండా ఒక మినహాయింపు రాసి పెడతాను. 22వ క్రోమోజోమ్ క్యూ11.2 భాగంలో చిన్న ముక్క లేనివారిలో సుమారు నాలుగో వంతు మందికి సైకోసిస్ వస్తుంది. కామ్ట్ జన్యువు ఆ ముక్కలోదే. రోగికి పుట్టుకతో గుండె లోపం, అంగిలి చీలిక లేదా ముక్కుతో మాట్లాడినట్టుండే గొంతు, రక్తంలో కాల్షియం తక్కువ, చిన్నప్పటి నుంచి చదువులో వెనుకబాటు, వీటిలో రెండుంటే ఈ పరీక్ష అడగండి. ఫిష్, ఎంఎల్‌పీఏ, మైక్రోఅర్రే ఏదైనా సరే, రోగి రక్తంతోనే మొదలుపెట్టాలి, చెల్లి రక్తంతో కాదు. రోగిలో ముక్క పోయిందని (ఆ లోపం ఉందని) తేలితే తల్లిదండ్రులకు చేయాలి. పదిమందిలో తొమ్మిదిమందికి ఆ లోపం కొత్తగా ఏర్పడిందే, తల్లిదండ్రులిద్దరిలో ఆ లోపం లేదని తేలితే చెల్లికి ఆ భయం దాదాపు తొలగినట్టే. తల్లిలోనో తండ్రిలోనో ఆ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం, అప్పుడు చెల్లికి కూడా చేయించొచ్చు. ఆ ముక్క లేని రోగులకు కాల్షియం, థైరాయిడ్ ఏటా చూడాలి. కాల్షియం పడిపోతే మూర్ఛ వస్తుంది, క్లోజపిన్ మీదుంటే ఆ ముప్పు ఇంకా ఎక్కువ.